టెంక కట్టే నాటికి

మొన్న మా మనవరాలు బడి నుంచి ఒక చిన్న గాజు సీసా తెచ్చి అన్నాల బల్ల మీద పెట్టింది. సీసా మూతకు ఎర్రగుడ్డ చుట్టి, దారంతో ముడివేసి, మెడలో ఒక చీటీ వేలాడదీశారు. చీటీ మీద పిల్ల పేరు, కింద 'నేనే చేశాను' అని రంగురంగుల అక్షరాలు. లోపల గుప్పెడు మామిడికాయ ముక్కలు, పైన వేలెడు నూనె.

బడివాళ్ళు పిల్లల్ని వడమాలపేట దగ్గర ఏదో తోటకు తీసుకుపోయారట. 'పల్లె బతుకులో ఒక రోజు' అని దానికి పేరు. కొమ్ములకు రంగేసిన ఆవును ఒకదాన్ని కట్టేసి చూపించారట. పిల్లలు వరసగా నిలబడి తలా ఒక చేద నీళ్ళు తోడారట, రోట్లో తలా నాలుగు పోట్లు పొడిచారట, ఆఖరికి తలా ఒక సీసా ఊరగాయ కలిపారట. కారం అంటకుండా చేతులకు ప్లాస్టిక్ తొడుగులు కూడా ఇచ్చారట. సాయంత్రం నాలుగింటికి బస్సెక్కించి మళ్ళీ తిరుపతిలో ఎవరిళ్ళ ముందు వాళ్ళను దించేశారు. దీనివల్ల పిల్లలకు తమ కాళ్ళ మీద తాము నిలబడడం అలవాటవుతుందని బడివాళ్ళు పంపిన కాగితంలో రాసి ఉంది.

ఆ మాట చదివి నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది. కాళ్ళ మీద నిలబడడం ఒక్క రోజులో వచ్చే విద్య అయితే ఇంకేం కావాలి!

"అవ్వా, టేస్ట్ చూడు" అంది పిల్ల.

"తర్వాత చూస్తాలే" అన్నాను.

"నీకు ఊరగాయ పెట్టడం రాదంట కదా, అమ్మ చెప్పింది. నేను నేర్పిస్తాలే" అంది.

మా ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే అది. నాకు ఊరగాయ పెట్టడం రాదు. కాపురానికి వచ్చిన కొత్తల్లో మా అత్తగారు "అన్ని పనులూ వస్తాయంట, ఊరగాయ మాత్రం రాదంట, యాడన్నా ఉండాదా ఈ చోద్యం" అని వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ చెప్పి దెప్పింది. రాదన్నది నేను చెప్పిన అబద్ధమే మరి. పదేళ్ళ వయసులో, ఎవరి సాయమూ లేకుండా, ఒక్కదాన్నే కూర్చుని జాడీ ఊరగాయ పెట్టినదాన్ని నేను. అదే మొదలు, అదే కడ. ఆ సంగతి కట్టుకున్నవాడికి చెప్పలేదు, కన్న కూతురికీ చెప్పలేదు.

అప్పట్లో తిరుపతిలో నాయనకు ఇత్తడి సామాన్ల అంగడి ఉండేది. ఒక్కగానొక్క ఆడపిల్లను. అమ్మ నన్ను కాలు కింద పెట్టనిచ్చేది కాదు. పదేళ్ళొచ్చినా అన్నం కలిపి ముద్దలు చేసి నోట్లో పెట్టేది. సున్నిపిండి రుద్ది తలంటేది, సాంబ్రాణి పొగ వేసేది. పొద్దున్నే పీట మీద కూర్చోబెట్టుకుని రెండు జడలు వేసేది. చిక్కు తీసేటప్పుడు నొప్పి పుట్టకుండా కుదుళ్ళ దగ్గర వెంట్రుకలను పిడికిట్లో పట్టుకునేది. బడికి పోతే పలకల సంచి అంగట్లో పనిచేసే ముసలాయన మోసేవాడు. బావిలోంచి నీళ్ళెట్లా వస్తాయో, పొయ్యిలోకి నిప్పెట్లా వస్తుందో నాకేం తెలుసు? అన్నీ అమ్మ చేతుల్లోంచే వస్తాయని అనుకునేదాన్ని.

ఆ అమ్మకు దగ్గు పట్టుకుంది. మొదట చలిదగ్గు అన్నారు, తర్వాత గొంతులు తగ్గించి పెద్దజబ్బు అన్నారు. అమ్మ పడక వెనకగదిలోకి మారింది. ఆమె కంచం, చెంబు వేరయ్యాయి. నన్ను గడప దాటనిచ్చేవాళ్ళు కాదు. గడపకు ఇవతల నేను, అవతల మంచం మీద అమ్మ. జడ వెయ్యమని నేను ఏడుస్తుంటే అమ్మ గోడ వైపు తిరిగి పడుకునేది.

వానలు వెనకబట్టిన దినాల్లో అమ్మ వాళ్ళ అమ్మ, మా అవ్వ, పల్లె నుంచి వచ్చింది. కార్వేటినగరం దాటి ఇంకా లోపలికి పోవాలి ఆ పల్లెకు. నన్ను తనతో తీసుకుపోతానంది. నేను తలుపు పట్టుకుని వదల్లేదు. అప్పుడు అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అవ్వోళ్ళింటి ఎనక మామిడిసెట్టు ఉండాది గదా. దానికి పూతొస్తాది, పిందొస్తాది. కాయకు టెంక కట్టే నాటికి నేనే వస్తా. మనిద్దరం ఊరగాయ కలిపి, జాడీ ఎత్తుకొని బస్సెక్కి వచ్చేద్దాం. సరేనా?" అంది.

"టెంక కట్టినాక రాకపోతే?"

"టెంక కడితే ఊరగాయ పెట్టాల గదే. నేను లేకుండా ఎవురు పెడతారు?" అని నవ్వింది. ఆ నవ్వుకు దగ్గొచ్చింది. నాయన నన్ను ఎత్తుకుని బయటికి తెచ్చేశాడు.

పల్లెకు పోయిన మొదటి పూట అవ్వ నా ముందు సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టింది. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను, ఎవరో ఒకరు తినిపిస్తారని. ఎదురింటి అత్త చూసి పడీపడీ నవ్వింది.

"పెద్దమ్మా, తిరపతి బిడ్డకు సెయ్యి లేనట్టుండాదే!"

"ఉండనీలేమే. తల్లికాడ మురిపెంగా పెరిగింది" అని అవ్వే కూర్చుని తినిపించింది. ఈ మాట బాగా గుర్తు పెట్టుకున్నాను, ఎందుకంటే ఆ మొదటి రెండు నెలలూ అవ్వ మెత్తటి మనిషే. తల దువ్వింది, ముద్దలు పెట్టింది, కాళ్ళు కడిగింది. చలికాలంలో అనపకాయలు వచ్చినప్పుడు ఆడవాళ్ళంతా అరుగు మీద చేరి నానబెట్టిన గింజల్ని పితికేవాళ్ళు. వేళ్ళ మధ్య నొక్కితే తోలు చేతిలో మిగిలి పప్పు గిన్నెలో పడాలి. నేను నొక్కితే పప్పు పోయి ఎదురింటి అత్త ముక్కుకు తగిలింది. అందరూ నవ్వారు, అవ్వ కూడా నవ్వింది. ఆ పితికిపప్పు కూర, ఆ ఉడుకుతున్న వాసన ఇప్పటికీ చలికాలం వస్తే నా ముక్కుకు తగులుతుంది. అవ్వ నవ్వు చూడడం నాకు అదే ఆఖరు.

శివరాత్రి ఇంకా వారముందనగా ఒక మధ్యాహ్నం ఎవరో సైకిలు మీద వచ్చి అవ్వను పక్కకు పిలిచి ఏదో చెప్పిపోయాడు. అవ్వ కట్టుబట్టతో బయలుదేరింది. "ఎదురింట్లో ఉండు, వస్తా" అంది, నా మొహం కూడా చూడలేదు. నాలుగో నాడు వచ్చింది. ఇంట్లోకి రాకుండా బావి దగ్గరే తలమీద నీళ్ళు గుమ్మరించుకుని, తడిబట్టతో లోపలికొచ్చింది. నేను ఎదురుపోయి "అమ్మకు బాగైందా?" అని అడిగాను.

అవ్వ తల తుడుచుకుంటూ, "టెంక కట్టనీ" అంది.

మా అమ్మ పోయింది అప్పుడే. చిన్నబిడ్డ, జడుసుకుంటుంది, చెప్పొద్దని పెద్దవాళ్ళంతా కూడబలుక్కున్నారు. ఎదురింటి అత్తకు తెలుసు, పశువులు కాసే తాతకు తెలుసు, బావి కాడ చేరే ప్రతి ఆడమనిషికీ తెలుసు. ఊరంతటికీ తెలిసిన నా తల్లి చావు నాకొక్కదానికే తెలియదు.

మర్నాడు తెల్లారకముందే అవ్వ నా దుప్పటి లాగేసింది. దువ్వెన చేతిలో పెట్టింది.

"నీ తల నువ్వే దువ్వుకో. ఇంగ నేను దువ్వను."

"నాకు రాదు."

"రాకపోతే నేర్సుకో. ఎవురూ కడుపులోంచి నేర్సుకొని రారు."

నేను ఏడ్చాను, కాళ్ళు తన్నుకున్నాను, దువ్వెన విసిరికొట్టాను. అవ్వ చలించలేదు. ఆ రోజంతా జుట్టు విరబోసుకునే తిరిగాను. మూడు రోజులకు జుట్టు పిచ్చుకగూడైంది. నాలుగో రోజు నేనే కూర్చుని, కుదుళ్ళ దగ్గర పిడికిట్లో పట్టుకుని, అమ్మ పట్టుకున్నట్టే, చిక్కు తీసుకున్నాను. జడ ఒకటి చెవి మీదికి, ఒకటి వీపు మీదికి వచ్చింది. అద్దం లేకుండా రెండు జడలూ సమంగా వేసుకోవడానికి పదిహేను రోజులు పట్టింది. అవ్వ చూసి బాగుందనలేదు, బాగాలేదనలేదు. "పోయి కసువు సిమ్ము" అంది.

అట్లా మొదలైంది. వాకిలి చిమ్మడం, పేడనీళ్ళు చల్లడం, చెంబు కాదు కడవతోనే నీళ్ళు మోయడం. బావి గిలక మీద తాడు జారి అరచేతులు ఒరుసుకుపోతే అవ్వ పసుపు అద్ది మళ్ళీ తాడే అందించింది. పొయ్యి ఊదితే పొగకు కళ్ళు పోయేటట్టుండేవి. సంగటి కెలకడానికి కుండను రెండు పాదాల మధ్య ఇరికించి తెడ్డు తిప్పాలి. కుండ జారి మణికట్టు కాలింది, మచ్చ ఇప్పటికీ ఉంది. ఆవు నన్ను మొదట దగ్గరికి రానీలేదు, రెండుసార్లు తన్నింది. మూడోసారి దాని గంగడోలు నిమిరి, పొదుగు కడిగి, బొటనవేలు లోపలికి మడిచి పిండితే చెంబులో సుయ్యిమని పాలు పడ్డాయి. ఆ శబ్దానికి నా ఒళ్ళు పులకరించింది. ఆ సంతోషాన్ని మాత్రం కాదనను. ఎవరైనా చూస్తున్నారా అని తిరిగి చూశాను. అవ్వ కొట్టం గుంజకు ఆనుకుని నిలబడి ఉంది. మొహం పక్కకు తిప్పుకుంది.

అవ్వ మీద నాకు ఎంత కోపమో! "మా అమ్మ రానీ, నీ సంగతి సెప్తా" అనేదాన్ని. పని నేర్చుకున్న ప్రతిసారీ లోపల మాత్రం ఒకటే ఆశ, అమ్మ వస్తే చూపించాలి. అమ్మా, నువ్వు పీట మీద కూర్చో, నేను నీకు జడ వేస్తా అనాలి. దగ్గు తగ్గి నీరసంగా ఉంటుంది కదా, నీళ్ళు నేను తోడతా అనాలి. పనులన్నీ ఆవిడ కోసమే పోగుచేసుకున్నాను.

ఊళ్ళోవాళ్ళు కూడా నాతో వింతగా ఉండేవాళ్ళు. నేను బావి దగ్గరికి పోతే మాటలు ఆగిపోయేవి. ఒకావిడ బెల్లం ముక్క చేతిలో పెట్టేది, ఒకావిడ బొరుగులు ఒడిలో పోసేది, ఇంకొకావిడ ఊరికే తల నిమిరి ముక్కు చీదేది. తిరపతి బిడ్డనని వీళ్ళకు నేనంటే ఇంత గౌరవం కాబోలనుకుని విర్రవీగాను. ఒకరోజు బెల్లం చిన్నముక్క ఇచ్చిందని ఒకావిడ మీద అలిగాను కూడా. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

శివరాత్రి పోయిన కొన్నాళ్ళకు నాయన వచ్చాడు. నున్నటి గుండు, మీసం కూడా లేదు. నేను ఎగిరి గంతేశాను. తిరుపతి పిల్లకు గుండు చూస్తే ఏం గుర్తొస్తుంది? మా వీధిలో రోజూ వంద గుండ్లు కనపడేవి. మొక్కు తీరిందంటే గుండు. మొక్కు తీరిందంటే జబ్బు తగ్గినట్టే కదా.

"కొండకు పోయొచ్చినావా నాయనా? అమ్మ కోసం మొక్కుకున్నావా? అమ్మకు బాగైందా?"

నాయన అవ్వ వైపు చూశాడు. అవ్వ గబగబా లోపలికి పోయింది.

"ఆ... పోయొచ్చినా బిడ్డా" అన్నాడు.

"నడిసి పోయినావా, బస్సులోనా?"

"నడిసే. అలిపిరి కాడినుంచి నడిసే పోయినా."

"మరి లడ్డు ఏదీ?"

నాయన జేబులు తడుముకున్నాడు. నిజంగానే తడుముకున్నాడు, అందులో లడ్డు ఉంటుందన్నట్టు. "మర్సిపోయినా తల్లీ" అన్నాడు. కొండకు పోయి లడ్డు మర్చిపోయి వచ్చినవాడిని నేను ఆ ముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. అయినా నమ్మాను. అప్పుడు నాకు నమ్మడమే కావాలి. ఆయన వేలు పట్టుకుని కొట్టంలోకి లాక్కుపోయి పాలు పితికి చూపించాను. "అబ్బా, ఎంత పనిమంతురాలివైపోయినావే" అని నాయన నా తల మీద చెయ్యేశాడు. అట్లాగే కొట్టం గుంజ పక్కన చతికిలబడ్డాడు. దేవుడి దర్శనానికి నిలబడి నిలబడి నీరసమొచ్చిందనుకున్నాను.

ఇక నా ధ్యాసంతా మామిడిచెట్టు మీదే. పూత రాలింది, పిందె పడింది, పిందె కాయైంది. రెండు రోజులకోసారి దొంగతనంగా చెట్టెక్కి ఒక కాయ కోసి కొరికి చూసేదాన్ని. పళ్ళు లోపలిదాకా మెత్తగా దిగితే టెంక ఇంకా కట్టలేదని లెక్క. కాయల సొనకు పెదాల చుట్టూ పుండ్లు పడ్డాయి. కొరికి పారేసిన కాయలు చెట్టు కింద గుట్టపడ్డాయి. అవ్వ అవి చూసింది. పండాల్సిన కాయ పాడుచేస్తే వీపు పగలగొట్టే మనిషి, చీపురుతో ఆ గుట్టను పక్కకు ఊడ్చేసింది, అంతే.

ఒక పొద్దున కొరికితే పన్ను కలుక్కుమంది. టెంక!

చెట్టు దిగి పరిగెత్తాను. "అవ్వా, టెంక కట్టింది! ఊరగాయ ఎప్పుడు పెడతావు?"

అవ్వ చెనక్కాయలు వలుస్తోంది. "ఈ ఏడు మనం ఊరగాయ పెట్టం" అంది.

"ఎందుకు?"

"పెట్టం. అంతే."

ఊరంతా ఊరగాయల సందడి. ఏ వాకిట్లో చూసినా మిరపకాయలు ఎండుతున్నాయి, ఏ ఇంట్లో విన్నా ఆవాలు దంచే చప్పుడే. మా చెట్టు కాయలు మాత్రం అవ్వ బుట్టల్లో పోసి అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ పంచేసింది. నాకు దిగులు పట్టుకుంది. ఊరగాయ పెట్టకపోతే అమ్మకు టెంక కట్టిన సంగతి ఎట్లా తెలుస్తుంది? ఇద్దరం కలిసి ఎత్తుకుపోవాల్సిన జాడీ ఏది? అవ్వ కావాలనే చేస్తోంది, నన్ను ఇక్కడే పెట్టుకుని పని చేయించుకోవడానికి అమ్మను రానివ్వడం లేదు, అనుకున్నాను. ఆ అనుమానం రాగానే ఏడుపు ఆగిపోయి పంతం వచ్చింది. నాకు రాని పని ఏముంది ఇప్పుడు? నేనే పెడతాను.

అవ్వ కార్వేటినగరం సంతకు పోయిన రోజు చెట్టెక్కాను. కొమ్మ చివర మిగిలిన కాయలు కోశాను. ఎదురింట్లో చూసినట్టే తడి లేకుండా ఒక్కొక్కటీ పొడిగుడ్డతో తుడిచాను. టెంకతో సహా కొయ్యాలంటే నా బలం చాల్లేదు. కాయ మీద కత్తి పెట్టి, కత్తి మీద గుండురాయితో కొట్టాను. జీడి తీసేసి, టెంక లోపలి పొర గీకాను. ఎండుమిరపకాయలు రోట్లో వేసి దంచాను, తుమ్ములతో కళ్ళు బైర్లు కమ్మాయి. ఆవాలు దంచాను, మెంతులు వేయించి పొడిచేశాను, ఉప్పు ఎండబెట్టి నూరాను. నూవుల నూనె ముంత వంచి, చెయ్యి మోచేతిదాకా పెట్టి కలిపాను. జాడీకెత్తి, పైన నూనె పోసి, మూతికి తెల్లగుడ్డ వాసెన కట్టాను. మధ్యాహ్నం దాటింది. ఇల్లు చిమ్మాను, రోలు కడిగాను, రెండు జడలు వేసుకున్నాను, జాడీ పక్కన కూర్చున్నాను. నా జన్మలో అంత గర్వంగా మళ్ళీ ఎప్పుడూ కూర్చోలేదు.

అవ్వ గడపలోకి రాగానే వాసన పట్టేసింది. తలమీది బుట్ట దించకుండానే అడిగింది.

"ఎవురు పెట్టినారు?"

"నేనే. ఒక్కదాన్నే. ఎవురూ సాయం రాలే. ఇంగ అమ్మ వస్తాది సూడు."

అవ్వ బుట్ట దించింది. వాసెన విప్పి చూసింది. జాడీని చంకనెత్తుకుని పెరట్లోకి నడిచింది. ఏం చేస్తోందో నాకర్థమయ్యేలోపల పేడదిబ్బ మీద బోర్లించేసింది. ఎర్రటి నూనె పేడలోకి ఇంకిపోతోంది. నేను అరిచాను. మీదపడి రక్కాను. చెయ్యి కొరికాను. "దొంగముండా, అమ్మొస్తే ఏం సెప్తావు? అమ్మొస్తే ఏం సెప్తావు?" అని తిట్టాను. అవ్వను అంత మాట అన్నాను.

అవ్వ నా రెండు రెక్కలూ పట్టుకుని ఆపింది. గొంతు పెంచలేదు.

"మీ అమ్మ రాదు. సచ్చిపోయింది. శివరాత్రికి ముందరే పోయింది. సావు జరిగిన ఇంట్లో ఆ ఏడు ఊరగాయ పెట్టగూడదు బిడ్డా. అందుకే పారబోసినా."

నేను ఏడవలేదు. నాకు ముందు గుర్తొచ్చింది నాయన గుండు.

"నాయన కొండకు పోలేదా?"

"పోలే."

"మొక్కు కాదా?"

"కాదు."

అప్పుడొచ్చింది ఏడుపు. వస్తే కళ్ళు తుడుచుకోలేను, కడుక్కున్నా మోచేతులదాకా కారం ఘాటే. తెలియక ఒకసారి తుడుచుకుంటే మంటకు కిందపడి దొర్లాను. అవ్వ మజ్జిగ తెచ్చి కళ్ళు కడిగింది, చేతులకు వెన్న పూసింది. వేళ్ళు అరటికాయల్లాగా ఉబ్బిపోయి మడవడానికి రాలేదు. ఆ పూట అవ్వే అన్నం కలిపి నాకు తినిపించింది. నోట్లో పెడుతూ పెడుతూ "తిను, తిను" అని మాత్రమే అంది. ముద్ద తర్వాత ముద్ద మింగాను. అమ్మ పోయిందని తెలిసిన గంటలోపలే కడుపునిండా అన్నం తిన్నానే అని ఎన్నో ఏళ్ళు నన్ను నేను తిట్టుకున్నాను.

ఆ వేసవి అయిపోగానే నాయన వచ్చి తిరుపతికి తీసుకుపోయాడు. వంటింట్లో పీట వేసుకుని నిలబడితే పొయ్యి అందేది. వండాను, వడ్డించాను, అంగడికి క్యారియరు పంపాను. చూసినవాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు. "తల్లి లేకపోయినా ఎంత ఒద్దికగా పెరిగిందో సూడండి, పల్లెలో పెరిగితే బిడ్డలు అట్లా తయారవతారు" అన్నారు. ఆ మాటలు వినీవినీ నాకు చెవులు చిల్లులు పడ్డాయి. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, నా జడలు విప్పి మళ్ళీ వేస్తామన్నవాళ్ళు లేరు. అన్నీ వచ్చిన పిల్లకు ఎవరేం చేస్తారు? పనిమంతురాలని పేరు పెట్టి అందరూ చేతులు దులుపుకున్నారు.

అవ్వ ఇంటికి మళ్ళీ పోలేదు. ఆమె చనిపోయినప్పుడు మాత్రం పోయాను. నాకప్పటికే పెళ్ళయింది, కడుపుతో ఉన్నాను. ఎదురింటి అత్త ముసలిదైపోయింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పింది.

"పెండ్లి సేసి ఇచ్చేసిన కూతురు పోతే కన్నోళ్ళకు మూడు దినాలే సూతకం. నీకు ఏడాది లేదు పెద్దమ్మా, సుబ్బరంగా ఊరగాయ పెట్టుకో అని నేనే సెప్పినా. నా కడుపుకు మూడు దినాలు సాలవే అనింది. ఆ ఏడు గాదు, సచ్చేదాకా మళ్ళ జాడీ దించలే."

"నాకెందుకు సెప్పలేదత్తా? అంతమంది ఉండి ఒక్కరన్నా ఎందుకు సెప్పలేదు?" అని అడిగాను.

అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "నీకు సెప్తే నువ్వు పనులు నేర్సుకోవు, ఏడుస్తా కూసుంటావు, తిరపతి ఇంట్లో రేపు నిన్ను సూసేదెవరు అనింది మీ అవ్వ. ముందు సేతులు రానీ, తర్వాత సెప్తాం అనింది" అంది.

అవ్వ చేసింది తప్పా ఒప్పా? అరవై ఏళ్ళుగా అడుగుతున్నాను, తేలలేదు. ఆమె నేర్పిన పనులతోనే బతికాను, కాదనడానికి లేదు. టెంక కట్టేదాకా ఆ రెండు మూడు నెలలూ, చచ్చిపోయిన తల్లికి చూపించడానికి పనులు నేర్చుకుంటూ తిరిగిన ఆ పిల్లను తలచుకుంటే మాత్రం అవ్వ మీద కోపం ఇప్పటికీ అట్లాగే ఉంది. కోపం ఉంది కాబట్టే జాడీ ముట్టలేదనుకునేదాన్ని. అవ్వ కూడా ముట్టలేదని తెలిశాక అది కోపమో ఇంకేమో నాకే తెలియడం లేదు.

ఈ పొద్దున మనవరాలు మళ్ళీ ఆ సీసా పట్టుకుని కూర్చుంది. నాకు పాఠం మొదలుపెట్టింది.

"అవ్వా, ఫస్ట్ మామిడికాయను పొడిగుడ్డతో తుడవాలి. తడి ఉంటే బూజు పడుతుంది."

"అట్లనా" అన్నాను.

"టెంక గట్టిగా ఉండాలి. లేకపోతే ముక్క మెత్తబడిపోతుంది. ఎట్లా తెలుస్తుందో తెలుసా నీకు?"

"తెలీదే. నువ్వే చెప్పు."

ఏదో చెప్పింది. విన్నాను. మా అమ్మాయి ఆఫీసుకు తయారవుతూ వంటింట్లోంచి కేకేసింది. "పదేళ్ళొచ్చినాయి, ఇంతవరకూ జడేసుకోవడం రాదు దానికి. నువ్వే దాన్ని ముద్దు చేసి చెడగొడతాండావమ్మా. నువ్వు ఆ వయసుకే అన్నీ చేసుకునేదానివంట కదా. నేర్పించు దానికి. రేపటినుంచి అదే వేసుకోవాల."

మనవరాలు నా వైపు చూసింది. లేచి పోయి, అల్మారాలోంచి దువ్వెన తెచ్చి, నేర్చుకోవడానికి సిద్ధమన్నట్టు నా ఎదురుగా నిలబడింది.

దాని చేతిలోంచి దువ్వెన తీసుకున్నాను. పీట లాగాను.

"వద్దులే. మీ అమ్మ ఉండాది, నేనుండాను. నీకింకా రాకపోయినా ఏం గాదు. ఇట్ల తిరిగి కూర్చో" అన్నాను. చిక్కు తీసేముందు కుదుళ్ళ దగ్గర వెంట్రుకలను పిడికిట్లో పట్టుకున్నాను.